నేను కట్టెలన్న అచ్చులు

మ్యూజియంలో కొత్తగా ఉద్యోగం దొరికిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తారు. "పాత వస్తువులు ఇమ్మని ఇళ్ళవాళ్ళను ఎట్లా అడగాలి సార్?" అంటారు. ఎట్లా అడగాలో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఎట్లా అడగకూడదో మాత్రం ఆదోనిలో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. అది ఎట్లా తెలిసిందో ఒకసారి వివరంగా రాసి పెడితే, వచ్చినవాళ్ళందరికీ మళ్ళీ మళ్ళీ చెప్పి సిగ్గుపడే పని తప్పుతుంది కదా అని ఇది రాస్తున్నాను.

నేను చదువుకుని మ్యూజియంలోకి వచ్చినవాణ్ణి కాను. మా నాయనది ఆదోని బజారులో బట్టల అంగడి. పక్కనే మా పెదనాయన కిరాణా. ఎదురుగా మా మేనమామ ఇత్తడి సామాన్లు. నాకు మాటలు వచ్చింది బేరాల మధ్యనే. అమ్మ ఇంకో రొట్టె వేస్తానంటే "సగం చాలు" అని మొదలుపెట్టి రెండు తినేవాణ్ణట. మా నాయన గల్లా దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పిన మొదటి పాఠం ఒకటే. నీకు కావలసిన వస్తువును ఎప్పుడూ మెచ్చుకోకూడదు. కంటికి నచ్చితే మొహం చిట్లించాలి. మరీ నచ్చితే లేచి చెప్పులు వేసుకోవాలి. ఈ పాఠంతోనే నేను చొక్కాలు కొన్నాను, సైకిలు కొన్నాను. పెళ్ళిచూపుల్లో కూడా మొహం చిట్లించానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

అంగడి అన్నకు పోయింది. నేను ఒక పత్తి ప్రెస్సులో గోడౌను గుమాస్తాగా చేరాను. బేళ్ళు, అంటే నొక్కి కట్టిన పత్తి మూటలు, వచ్చేది పోయేది చూసుకోవడమే పని. డెబ్బైల చివర్లో మా సేట్ మార్కెట్ యార్డుకు దగ్గరగా కొత్త గోడౌన్లు కట్టించాడు. రైల్వే స్టేషన్ వైపున్న పాతది ఖాళీ అయింది. అమ్మేస్తాడనుకున్నాం. ఒకరోజు నన్ను పిలిచి, "మా తాత కచ్ నుంచి వచ్చి ఈ ఊళ్ళో మొదటి వానాకాలం గడిపింది ఆ గోడౌను వరండాలోనే. మా ఒక్కరిదే కాదు. బయటినుంచి వచ్చి ఈ ఊరివాళ్ళయిపోయిన వాళ్ళందరి వస్తువులూ దాంట్లో పెడదాం" అన్నాడు. వెంటనే వ్యాపారి మాట కూడా అన్నాడు. వచ్చే పత్తి సీజను మొదలయ్యేలోపు తలుపులు తెరవాలి. తెరవలేకపోతే బేళ్ళు మళ్ళీ లోపలికి వస్తాయి.

ఆ పనికి రిటైరైన హిస్టరీ అయ్యవారిని కార్యదర్శిగా పెట్టారు. ఆయన దానికి "వలస కుటుంబాల వారసత్వ ప్రదర్శనశాల" అని పేరు పెట్టి, బోర్డు రాయించబోతే పెయింటరు పలక చాలదన్నాడు. ఊరు మాత్రం వలసల గోడౌను అనేసింది. నన్ను ఎందుకు తీసుకున్నారంటే, గోడౌను తాళంచెవులు నా దగ్గర ఉన్నాయి గనక. అంతకుమించి అర్హత ఏమీ లేదు. మూడోవాడు హమాలీ మేస్త్రీ. హొళగుంద దగ్గరి మనిషి, సగం కన్నడం, సగం తెలుగు, మిగిలింది కేకలు.

పత్తి గోడౌనును మనుషులు తిరిగే చోటుగా మార్చడం మీరనుకున్నంత సులువు కాదు. దానికి కిటికీలుండవు. నిప్పు భయంతో కరెంటు కూడా పెట్టరు. గోడలు కొట్టించి కిటికీలు పెట్టించాం. సున్నం వేయించాం. వేసిన సున్నం ఆరేలోపు దూలాల మీదున్న ఏళ్ళనాటి దూది నూగు రాలి గోడలకంతా అంటుకుంది. గోడలకు గడ్డం మొలిచినట్టయింది. మూడుసార్లు గీకి మూడుసార్లు వేశాం. అయ్యవారు తుమ్ముతూనే ఉన్నాడు. ఇక మేస్త్రీ అయితే, లోపల పత్తి పింజ కూడా లేకపోయినా, ఎవరైనా బీడీ తీస్తే చాలు, ఇరవై ఏళ్ళ అలవాటుకొద్దీ "ఏయ్, ఆరిపెయ్యి!" అని అరిచేవాడు. ఒకసారి సేట్ చుట్టంమీద కూడా అరిచాడు.

వస్తువులు సేకరించే పని నాది. మొదట ఎమ్మిగనూరు పోయాను. తాతల కాలంలో తుంగభద్ర దాటి వచ్చిన ఒక నేతపని కుటుంబం ఇంట్లో పాత గుంట మగ్గం మూలన పడి ఉందని తెలిసింది. చూడగానే నా ప్రాణం లేచి వచ్చింది. చేతులు పడి పడి నునుపెక్కిన కొయ్య. వెంటనే మొహం చిట్లించాను.

"ఇదా? చెదలు పట్టినట్టుందే" అన్నాను.

నేతాయన నావైపు చూడకుండానే పోగు అతుకుతూ, "చెదలు కాదు సామీ, అది మా తాత చేతి గుర్తు. మీకు కండ్లజోడు మార్చల్ల" అన్నాడు.

"అడుగు కూడా విరిగింది."

"అవునవును, శానా చెడ్డ మగ్గం. ఇంత చెడ్డదాన్ని తీసుకపోయి మీ గోడౌన్లో పెడితే మీకే మర్యాద తక్కువ. పోయి రాండి. బస్సుకు టైమయింది."

నేను లేచి చెప్పులు వేసుకున్నాను. ఆయన వెనక్కి పిలవలేదు. బస్టాండు దాకా పోయి తిరిగి వచ్చాను. "వస్తావని తెలుసప్పా, అందుకే కాఫీ పెట్టమని సెప్పినా" అన్నాడు. ఇద్దరం పడీ పడీ నవ్వాం. మగ్గం బండెక్కింది. నాకు పొగరు కూడా ఎక్కింది. అంగడి విద్యకు మించిన విద్య లేదనుకున్నాను. ఎదుటివాడు కూడా ఆ విద్య తెలిసినవాడు గనకే అది చెల్లిందన్న సంగతి నాకు తట్టలేదు.

తరువాత ఆదోనిలోనే అద్దకం పనివాళ్ళ వీధికి పోయాను. బిజాపూర్ వైపునుంచి నాలుగైదు తరాల కిందట వచ్చిన ముస్లిం కుటుంబాలు. అద్దకం పని అప్పటికే పోయింది. మగవాళ్ళు జిన్నింగు మిల్లుల్లో, ఆటోల్లో బతుకుతున్నారు. అచ్చులు మాత్రం ఇంటింటికీ ఒకటో రెండో మిగిలాయి. గుడ్డమీద పూలు, లతలు అద్దే చెక్క దిమ్మెలు. మొత్తం సెట్టు ఉన్నది ఒక్క ఇంట్లోనే. ఆ ఇంటి పెద్దామె వీధికంతా పెద్ద దిక్కు. నేను ఏ గడపలో అడిగినా, "ఆమె ఇస్తే మేమూ ఇస్తాం" అన్నారు.

పెద్దామె నులకమంచం కింది నుంచి చింకి చాపలో చుట్టిన మూటను లాగి విప్పింది. ఇరవై మూడు అచ్చులు. రంగులు తాగి తాగి నల్లబడిపోయాయి. అంచు కట్టేవి, నడుమ పువ్వులు, మూలల్లో వేసే మామిడి పిందెలు. ఒక్కొక్కటి నా చేతిలో పెడుతూ, "ఇవి మా అత్త వాళ్ళ అత్త తలమీద పెట్టుకోని వచ్చిందంట. బిజాపూర్ నుంచి ఈడికి నడుచుకుంటా. దోవలో వంటసామాను అమ్ముకున్నారంట, ఇవి మాత్రం అమ్ముకోలే" అంది.

ఒక పిందెను వెలుతురుకు పెట్టి చూశాను. అంత పని నేను అంతకుముందు చూడలేదు. నా ఆశను దాచుకోవడానికి నా నోరు తన పని తాను చేసింది.

"పగుళ్ళిచ్చినాయే అవ్వా. అద్దకం పోయినాక వీటికి విలువేముంది? కట్టెలకింద తప్ప ఎందుకూ పనికిరావు. అయినా నువ్వు పెద్దదానివి గనక తీసుకపోతాను."

ఆమె ఏదో ఒకటి అనాలి. "కట్టెలా? నీ కండ్లకు పొరలొచ్చినాయి" అనాలి. అప్పుడు నేను ఇంకో మాట అనాలి. అట్లా నాలుగైదు మెట్లెక్కాక నేను దిగిరావాలి.  ఆమె మాత్రం అచ్చులన్నీ తిరిగి చాపలో చుట్టింది.

"ఆలోచించి సెప్తాలే బేటా" అంది.

ఇది బేరమే అనుకుని సంతోషంగా లేచి చెప్పులు వేసుకున్నాను. వారం ఆగితే తానే కబురు చేస్తుందని లెక్కవేసుకున్నాను. పది రోజులైనా కబురు రాలేదు. ఆ వీధివాళ్ళు బజారులో ఎదురైతే మొహం తిప్పుకుంటున్నారు. సీజను ముంచుకొస్తోంది. తలుపులు తెరవాల్సిన రోజుకు నాలుగు రోజులుంది. నడి గోడ అద్దకం పనివాళ్ళకని వదిలిపెట్టాం, అది బోడిగా ఉంది.

అయ్యవారు అడిగాడు: "ఆమెతో ఏమన్నావయ్యా అసలు?"

చెప్పాను. ఆయన చేతిలో ఉన్న రుమాలు మొహానికి పెట్టుకోకుండానే తుమ్మేశాడు.

"ఆమె జన్మలో ఒక వస్తువు అమ్మిన మనిషి కాదు. వాళ్ళు నేతగాళ్ళ దగ్గర గుడ్డ తీసుకుని, అద్ది, కూలి తీసుకునేవాళ్ళు. కూలి కట్టుబడి, ఎప్పుడూ ఒకటే రేటు. బేరమనేది ఆ ఇంటి గడప తొక్కలేదు. పో, పోయి కాళ్ళు పట్టుకో."

మూడు దాటిన ఎండలో పోయాను. పెద్దామె వాకిట్లో గోధుమలు చెరుగుతోంది. వెనక మనవరాలి పెండ్లి హడావుడి. పెంకులు దించి కప్పు మారుస్తున్నారు.

"అవ్వా, ఆ అచ్చులు..." అన్నాను.

"యాడుండాయి బేటా? బట్టీకి పంపిచ్చినా నిన్న."

బట్టీ అంటే సందు చివరి రొట్టెల బట్టీ. మా ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. పెండ్లికో పండగకో నాన్‌ఖటాయీ బిస్కట్లు కావాలంటే పిండి కలిపి తట్టల్లో బట్టీకి పంపుతారు. కాల్చిపెట్టినందుకు బదులు ఇంట్లో ఉన్న పాత కొయ్య ఇస్తారు. ఆమె కప్పులోంచి దించిన పాత వాసాలతో పాటు అచ్చులు కూడా బండిలో వేయించింది.

"ఎందుకు పంపినావవ్వా?" అన్నాను. 

"అరే, నువ్వే గదా సెప్పినావు! నువ్వు అంగడోళ్ళ ఇంటి పిల్లోడివి. మీ నాయన సెప్పిన రేటుకే మేం గుడ్డలు తీసుకున్నోళ్ళం. ఏ వస్తువు ఏమి పాటి సేస్తుందో మీకు తెలిసినట్టు మాకు తెలుస్తుందా? నువ్వు కట్టెలంటివి. మూడు దినాలు నిద్ర పట్టలే నాకు. ఇన్నేండ్లు కట్టెల్ని మంచం కింద దాచుకుంటినే అని నవ్వు కూడా వచ్చింది. పెండ్లికన్నా పనికొస్తాయిలే అని పంపిస్తిని."

కోపంగా చెప్పి ఉంటే బాగుండేది. గోధుమలు చెరుగుతూ చెప్పింది.

ఆ సందులో నేను పరుగెత్తినట్టు ఆ తరువాత బస్సుకోసం కూడా ఎప్పుడూ పరుగెత్తలేదు. దారిలో మేస్త్రీ తోపుడు బండితో ఎదురయ్యాడు. "ఏనప్పా గుమాస్తా, నిప్పంటుకుందా?" అన్నాడు. "ఇంకా లేదు, నువ్వూ రా" అన్నాను. ఆయనకు నిప్పు అన్న మాట చాలు. బండి వేసుకుని నా వెనకే పరుగెత్తాడు.

బట్టీ ముందు సాయంకాలం బన్నుల కోసం పదిమంది దాకా నిలబడి ఉన్నారు. బట్టీ ఆయన పిండిచేతులతో లోపల ఉన్నాడు. బట్టీ నోట్లో మంట ఎర్రగా లేచి ఉంది. వాసాలు సగం అయిపోయాయి. వాటి పక్కన, గోడవారగా, చాపమీద నల్లటి దిమ్మెల కుప్ప. కుప్ప ఉంది!

నేనేం చేశానో రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ రాస్తాను. నా ఊపిరి ఇంకా సర్దుకోలేదు.  అయినా నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "ఏంది, ఈ కట్టెలు ఇంకా కాల్చలేదా నువ్వు?"

చూశారా? మళ్ళీ మొహం చిట్లించాను. ఆశ కనిపిస్తే ఎక్కువ అడుగుతాడని.

బట్టీ ఆయన చేతులు దులుపుకుంటూ బయటికి వచ్చాడు. "యాడ కాల్చేది సార్! పొద్దున ఒక్కటి పెట్టినా లోపల. అద్దకం రంగుల్లో కలిపే తుప్పు, బెల్లం, కరక్కాయ, ఇంకా ఏమేం తాగినాయో అవి! ఆ పొగకి ఒక వాయి బన్నులు మొత్తం కంపు కొట్టినాయి. కుక్కలు కూడా ముట్టలే. రొట్టెల పొయ్యికి పనికిరావు. అందుకే పక్కన పెట్టినా." ఒక అచ్చు ఎత్తి బరువు చూశాడు. "నీళ్ళు కాగబెట్టే పొయ్యికైతే పనికొస్తాయి. మంచి మాట గుర్తు సేసినారు. మీరే కట్టెలంటాండారు, ఇంక నాకేం అనుమానం?" అని వాకిట్లో మండుతున్న నీళ్ళపొయ్యి వైపు రెండడుగులు వేశాడు.

"ఆరిపెయ్యి!" అని మేస్త్రీ అరిచాడు.

"అవి కట్టెలు కాదు స్వామీ!" అని నేను అరిచాను. అరిచి ఆగలేదు. నలభై ఏళ్ళ దాకా ఏ వస్తువునూ మెచ్చుకోని నోరు ఒక్కసారి తెరుచుకుంటే ఏమవుతుందో ఆ వీధి చూసింది. ఆ పిందె చూడు, దాని కొనలో చీమ కాలంత గీత చూడు, మన ప్రెస్సులో ఇనుప మిషన్లు కూడా అంత సూటిగా గీయలేవు, అవి తలమీద పెట్టుకుని బిజాపూర్ నుంచి ఒకామె నడిచి వచ్చింది, వంటగిన్నెలు అమ్ముకుంది గానీ ఇవి అమ్ముకోలేదు, ఇంత గొప్ప వస్తువు నా జన్మలో నా చేతికి రాలేదు, నేను అబద్ధాలకోరును, నాది అంగడి నోరు... బన్నుల వరసలో ఉన్నవాళ్ళు మొదట బెదిరి, తరువాత నవ్వడం మొదలుపెట్టారు. మా నాయన బతికి ఉండి ఆ సంత చూసి ఉంటే నన్ను గల్లా దగ్గరనుంచి లేపేసేవాడు.

బట్టీ ఆయన నవ్వలేదు. అచ్చును కిందికీ మీదికీ తిప్పి చూశాడు. ఆయనా వ్యాపారే.

"ఇంత మంచివైతే ఊరికే ఎట్లిచ్చేది సార్?"

మా నాయన సరిగ్గా ఇదే చెప్పాడు. నేను భుజంమీది తుండు తీశాను. మా పత్తి యార్డులో బేరమంటే తుండు కింద చేతులు కలిపి వేళ్ళు నొక్కడమే. పదిమందిలో నోరు విప్పరు.

"తుండు తీసెయ్యప్పా, ఈడ పత్తి లేదు" అన్నాడు ఆయన. "నాకు లెక్క వద్దు, ఒక్క రూపాయీ వద్దు. మీ వలసల గోడౌన్లో అందరి సామాన్లూ పెడతాండారంట. మా అబ్బాజాన్ బళ్ళారి దండులో తెల్లోళ్ళకి రొట్టెలు కాల్చి, ఆడ నుంచి ఈ ఊరికి వచ్చినాడు. ఆయన రొట్టెలు తీసిన పార అదో, గోడకుంది. ఇన్ని దినాలు తిరిగితిరి గదా ఊరంతా. బన్ను తినను వచ్చినారు గానీ, ఒక్కసారన్నా అడిగినారా దాన్ని?"

అడగలేదు. నిలువెత్తు కొయ్య పార. దాని అంచు మంటకు కాలి కాలి చంద్రవంకలా అరిగిపోయింది. రోజూ దాని ముందు నిలబడి బన్నులు తిన్నాను. నాకది కనిపించలేదు.

"శానా బాగుంది" అన్నాను. ఆ రోజుకు అలవాటైపోయింది.

పార, అచ్చులు బండెక్కాయి. మేస్త్రీ గోడౌను వైపు తిప్పబోయాడు. నేను వద్దన్నాను. ఆమె వాకిలి దాకా తోయించి, చాప పరిచి, అచ్చులన్నీ వరసగా పెట్టాను. ఇరవై రెండు.

"కట్టెలు మళ్ళా ఇంటికి తెచ్చినావేం బేటా?"

"కట్టెలు కాదవ్వా. నేను ఆ రోజు అబద్ధం చెప్పినాను. కావాలనిపించి చెప్పినాను. మా అంగట్లో అట్లే చెప్తారు."

ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. "కావాల్నంటే కావాల్నని సెప్పరా?" అంది. తన మనవరాలిని పిలిచి, "ఇనే, వీళ్ళకి కావాల్నంటే వద్దంటారంట!" అని చెప్పింది. ఇద్దరూ కొంగులు అడ్డం పెట్టుకున్నారు. నవ్వుతున్నారని తెలిశాక నాకు ధైర్యం వచ్చింది. వాకిట్లోనే కూర్చుండిపోయాను. గ్లాసుడు మంచినీళ్ళు ఇచ్చారు. నేను అంత చల్లటి నీళ్ళు తాగలేదు మళ్ళీ.

తరువాత ఆమె అచ్చుల మీద చెయ్యి వేసి ఒక్కొక్కటే తడిమింది. కళ్ళు సరిగ్గా ఆనవు, వేళ్ళతోనే గుర్తుపట్టింది. చివర్లో చెయ్యి ఆగింది.

"మూల పిందె ఒకటి లేదే."

"పొద్దున బట్టీలో పెట్టినారంట" అన్నాను.

ఆమె మిగిలినవాటిని చాపలో చుట్టి, "తలుపులు తెరిసే దినం నేనే తీసుకొస్తాలే" అంది. నేను తల ఊపాను. ఆ రోజుకు నా మాటలన్నీ బట్టీ ముందే అయిపోయాయి.

తలుపులు తెరిచిన రోజు పొద్దున్నే అద్దకం వీధి మొత్తం వచ్చింది. ఇచ్చే వస్తువులు చేతుల్లో పెట్టుకునే వచ్చారు. వాటికి చోటు చాలక మేస్త్రీ బేళ్ళు ఎత్తిన రోజులకంటే ఎక్కువ కేకలు వేశాడు. పెద్దామె దగ్గరుండి నడి గోడ మేకులకు అచ్చులు తన వరసలో వేలాడదీయించింది. నాలుగు మూలలకు నాలుగు పిందెలు రావాలి. మూడే ఉన్నాయి. నేను ముందే ఆలోచించి ఒక వడ్రంగితో నాలుగోది చెక్కించి, నల్లరంగు కూడా పూయించి జేబులో పెట్టుకుని వచ్చాను. తీసి ఇచ్చాను. దాన్ని వేళ్ళతో తడిమి, వాసన చూసి, నా చేతిలోనే పెట్టేసింది.

"ఆ మేకు అట్లే ఖాళీగా ఉండనీ" అంది.

"చూసేవాళ్ళు అడుగుతారవ్వా, ఏమైందని."

"అడిగితే సెప్పు. నువ్వు కట్టెలంటివి గదా. ఒక్కటన్నా కట్టె అయింది. అంగడోళ్ళ మాట మరీ అబద్ధం కాలేదని సెప్పు."

సేట్ పగలబడి నవ్వాడు. అయ్యవారు తుమ్మాడు. సీజను వచ్చింది, బేళ్ళు మాత్రం రాలేదు. తరువాత నేను రిటైరయ్యేదాకా ఆ గోడ పక్కనే నా కుర్చీ. చూడవచ్చిన ప్రతివాడూ ముందు ఆ ఖాళీ మేకునే చూపించి, ఇక్కడేం ఉండేదని అడిగేవాడు. ప్రతిసారీ చెప్పాను. ఒక్కసారి కూడా తగ్గించి చెప్పలేదు.